పాత ఏడు

ఫిబ్రవరి 3

అమ్మమ్మకి, గోరింక నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "ఫోనులో చెప్పిన మాటకి తారీఖు ఉండదు, కావలసింది కాగితం మీద పెట్టు" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అక్షరాలు గుండ్రంగా రాయడానికి ప్రయత్నిస్తాను. మొదటి పేజీ వరకే హామీ.

లాయరు ఆఫీసులో జూనియర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ నా చేత ఫైళ్ళకి దారాలు కట్టించిన మా సీనియర్, మొన్న ఒక పాత కట్ట నా బల్ల మీద పెట్టి "ఇందులో ముఖ్య సాక్షి మీ అమ్మమ్మట కదమ్మా" అన్నారు. విప్పి చూస్తే మీరు. తొమ్మిదేళ్ళ కిందటి కేసు. మీ కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ హత్య.

అప్పట్లో అమ్మ నాకేమీ చెప్పలేదు. "అమ్మమ్మ వాళ్ళ మెట్ల దగ్గర ఏదో గొడవ జరిగింది, నువ్వు పరీక్షలకి చదువుకో" అంది. శిక్ష పడినతని పేరు అమ్మకి కూడా తెలియదు.

శిక్ష పడింది కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీకి. కుట్టుపనావిడ తల మీద దెబ్బ కొట్టిన స్పానర్ అతనిదే. తను మర్చిపోయి వచ్చానని అతనంటాడు. తొమ్మిదేళ్ళుగా జైల్లోంచి ఒకటే మాట: "నేను మెట్లు దిగేటప్పటికి ఆవిడ బతికే ఉంది." మార్చి 28న విచారణ. అప్పటికి కొత్త సంగతి ఏదైనా చూపిస్తే కేసు తిరగతోడతారు. చూపించలేకపోతే అతనికి అదే ఆఖరు, ఇంకో పదకొండేళ్ళు లోపలే.

నా పని, ఆ సాయంత్రం ఆ మెట్లు ఎవరు ఎప్పుడు ఎక్కారో, ఎప్పుడు దిగారో నిమిషాలతో సహా పట్టిక వేయడం. పోలీసుల పట్టికంతా మీ నోటుబుక్కు మీదే నిలబడింది. మీకు గుర్తున్నదంతా రాయండి. చిన్నదైనా సరే.

ఇక్కడ నా గది బాగానే ఉంది. కిటికీ తెరిస్తే పక్కవాళ్ళ గోడ. మాట్లాడటానికి గోడ మంచిదే, అడ్డు చెప్పదు.

మీ
గోరింక


ఫిబ్రవరి 9

గోరింకకి,

నీ ఉత్తరం ఏడో తేదీన అందింది. మూడు తప్పులు దిద్ది వెనక్కి పంపుతున్నాను. "విప్పి చూస్తే మీరు" అన్నావు. నేను కట్టలో కూర్చుని లేను. నా వాంగ్మూలం ఉంది. లాయరు దగ్గర పనిచేసే పిల్ల మాట కొలిచి వాడాలి.

అడిగావు కనక చెప్తాను. నేను బడిలో పనిచేసిన ముప్పై ఆరేళ్ళూ గంట నా చూపు మీదే మోగేది. ఆ గంట పోయాక కూడా చెవి ఊరుకోలేదు. ఈ ఇంటి ఇనుపమెట్లు నా తలుపు పక్కనుంచే వెళ్తాయి. ఎవరి అడుగు ఎవరిదో నాకు చూడకుండానే తెలుసు. నీళ్ళ మోటారు ఎప్పుడు వేశారు, కరెంటు ఎప్పుడు పోయింది, ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు అన్నీ రాసుకుంటాను. ఏడాదికొక నోటుబుక్కు. ఇప్పుడు నడుస్తున్నది ముప్పైరెండోది. నా గుమ్మానికి వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి మిగతావాళ్ళ అడుగులు వినడానికి తీరిక ఎక్కువ.

ఆవిడ గురించి. మనిషి నెమ్మది. నలభై రెండేళ్ళ వయసులో నా దగ్గరికి వచ్చి "టీచరుగారూ, కొలతల పుస్తకంలో పేర్లు రాసుకోవడం వస్తే చాలు, నేర్పిస్తారా?" అంది. పేర్లతో చాలదు, నేర్చుకుంటే అంతా నేర్చుకోవాలి అన్నాను. రోజూ ఆరు నుంచి ఆరున్నర వరకు పాఠం. పద్నాలుగు నెలలు సాగింది. ఆ రోజు పాఠం జరగలేదు. ఈ సంగతి కోర్టులో అడిగారు, చెప్పాను.

ఇంతకన్నా కొత్తగా చెప్పేదేమీ లేదు. నా వాంగ్మూలంలో ప్రతి మాటా నిజం.

గోడతో మాట్లాడకు. అలవాటైతే మానలేం.

అమ్మమ్మ


ఫిబ్రవరి 15

అమ్మమ్మకి,

దిద్దిన ఉత్తరం అందింది. మా సీనియర్ చూసి "ఎర్ర సిరా చూస్తే నాకు మళ్ళీ అయిదో తరగతి గుర్తొస్తోంది" అని నవ్వారు.

పట్టిక వేశాను. మీ ఇరవైమూడో నోటుబుక్కు నా దగ్గర లేదు. కోర్టు గదిలో పెట్టిన అసలు పుస్తకాన్ని చెదలు తినేశాయట. కానిస్టేబుల్ చేత్తో రాసిన కాపీ ఒక్కటే మిగిలింది. దాని ప్రకారం:

5.50. ఎక్కడం. మేస్త్రీ. చేతిలో సామాను పెట్టె.
6.00. కింద వాదన. మిషను సంగతి.
6 పావు. దిగడం. మేస్త్రీ.
7.05. ఎక్కడం. చెప్పుల ఈడ్పు.
7.20. దిగడం. అదే ఈడ్పు.
7.30. ఎక్కడం. అదే ఈడ్పు. కేకలు.

చెప్పులీడ్చేది ఆవిడ మరిది. శవాన్ని మొదట చూసింది అతనే. ముందొకసారి వచ్చి తలుపు తట్టానని, పలక్కపోతే టీ తాగడానికి వెళ్ళి మళ్ళీ వచ్చానని చెప్పాడు. అందరూ నమ్మారు. ఎందుకంటే మేస్త్రీ దిగిపోయిన తరువాత ఆవిడని ప్రాణంతో చూసినవాళ్ళు, విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆరుంపావుకి ముందే చనిపోయిందని తేల్చారు. మేస్త్రీ ఆరూ నలభైకి అచ్చు ప్రెస్సులో సాయంత్రం షిఫ్టుకి, టైము పడే హాజరు కార్డు గుద్దాడు. అక్కడ్నించి కదల్లేదు. కాబట్టి ఆరూ నలభై తరువాత ఆవిడ ఒక్క మాట మాట్లాడినట్టు దొరికినా చాలు, అతను బయటపడతాడు.

ఒక్క చోట అర్థం కాలేదు. 6 పావుకీ 7.05కీ మధ్య కాపీలో ఇలా ఉంది: "పాత 7 – మెట్లు. కుట్టుపనావిడ. తలుపు." ఇది గంట కాదు. పోలీసులు దీన్ని "పాత ఏడో నోటుబుక్కు చూడు" అని తీసుకుని పట్టికలోంచి వదిలేశారు. మీరు వేరే చోట్ల కూడా "పాత 4 చూడు" అని రాసుకున్నారు, కాబట్టి నాకూ అలాగే అనిపిస్తోంది. ఆ ఏడో నోటుబుక్కు ఉందా? అందులో మెట్ల సంగతి, తలుపు సంగతి ఏముంది?

మీ
గోరింక


ఫిబ్రవరి 20

గోరింకకి,

నీ ఉత్తరం అందింది.

ఏడో నోటుబుక్కు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పేజీలు వదులుగా ఉన్నాయి, జాగ్రత్త. చదివి తిరిగి పంపు.

ఇక్కడ చలి తగ్గింది.

అమ్మమ్మ


మార్చి 2

అమ్మమ్మకి,

ఇంత చిన్న ఉత్తరం మీ దగ్గర్నించి ఎప్పుడూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తరువాత నోటుబుక్కు వచ్చింది. ఇక మిమ్మల్ని ఏమీ అనలేను.

అది నా పుస్తకం కదా అమ్మమ్మా. అమ్మ ఉద్యోగం కోసం నన్ను మీ దగ్గర వదిలిన ఏడాది. "8.10, పిల్ల లేచింది. 8.25, పాలు సగం తాగింది, సగం నా చీర మీద." "11.00, పిల్ల గోరింకలా ఆపకుండా అరుస్తోంది." నా పేరు పుట్టింది అక్కడా? జ్వరం వచ్చిన మూడు రోజులూ రెండు గంటలకోసారి ఎంత ఉందో రాశారు. ఒక్క గంట కూడా తప్పలేదు. అంటే మూడు రోజులు మీరు పడుకోలేదు. ఈ పాతికేళ్ళలో నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు నాకు ఒక్క జ్ఞాపకం లేదు. అమ్మని ఎన్నోసార్లు అడిగాను కూడా, అమ్మమ్మకి నేనంటే ఇష్టమేనా అని. ఆదివారమంతా గదిలో కూర్చుని చదువుకున్నాను.

అందులో మెట్ల సంగతి మాత్రం లేదు. కుట్టుపనావిడ అసలే లేదు, అప్పటికి ఆవిడ ఆ ఇంటికి రాలేదు. వేరే ఏడు ఏదైనా ఉందా?

జైలుకి వెళ్ళి మేస్త్రీని చూశాను. జుట్టంతా నెరిసింది. మీ మనవరాల్ని అని చెప్తే లేచి నిలబడ్డాడు. "టీచరమ్మ అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు. "పాఠం జరగలేదంటే జరగలేదన్నమాటే. కానీ నేను సామాను సర్దుకుంటుంటే ఆవిడ తొందరపెట్టింది. ఈ బెల్టు మార్చేదాకా కదలొద్దన్నది తనే, మళ్ళీ 'పైకి పాఠానికి వెళ్ళాలి, ఆలస్యమైతే టీచరుగారు ఊరుకోరు' అని తిట్టింది కూడా తనే. నేను దిగాక పైకి వెళ్ళాలి కదా? మరెక్కడికి వెళ్ళింది? తొమ్మిదేళ్ళుగా ఇదే ఆలోచిస్తున్నా" అన్నాడు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మీ గడియారం సరిగ్గా నడిచిందా? ఒక అరగంట అటూ ఇటూ అయినా మనకి దారి దొరుకుతుంది.

మీ
గోరింక


మార్చి 8

గోరింకకి,

కోపం తెచ్చుకోవద్దని రాసి, తెచ్చుకోవలసిన మాటే అడిగావు.

నా గోడ గడియారం రోజూ ఉదయం రేడియో గంటతో సరిచూస్తాను. ఆ నెలంతా అది ఒక్క నిమిషం కూడా తేడా రాలేదు. అయినా నీ తృప్తి కోసం వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన్ని పిలిపించాను. నిన్న పా.త.5కి వచ్చి 5.10కి వెళ్ళాడు. వెనక మూత తీసి చూసి "ఇది నాకంటే ఆరోగ్యంగా ఉంది టీచరుగారూ" అన్నాడు. ఒక చీటీ మీద రాయించి సంతకం పెట్టించాను. జతపరుస్తున్నాను. "యంత్రము సక్రమముగా నున్నది" అని రాశాడు. ఆ ఒక్క వాక్యానికి నాలుగుసార్లు పెన్ను నమిలాడు.

ఏడో నోటుబుక్కు నీ దగ్గరే ఉంచుకో. తిరిగి పంపనక్కర్లేదు.

మేస్త్రీ జుట్టు నెరిసిందని రాశావు. అప్పటికి అతనికి ముప్పై నాలుగు.

అమ్మమ్మ


మార్చి 13

అమ్మమ్మకి,

"నిన్న పా.త.5కి వచ్చి 5.10కి వెళ్ళాడు."

ఈ వాక్యాన్ని ఆఫీసులో పదిసార్లు చదివాను. పా.త. అంటే పావు తక్కువ. పావు తక్కువ అయిదు. నాలుగూ నలభై అయిదు. మేమెవరం అలా అనం, గడియారంలో అంకెలు చదువుతాం. కానిస్టేబుల్ కూడా మా వయసువాడే అయ్యుంటాడు. చుక్కలు వదిలేసి "పాత" అని కలిపి రాసేశాడు. అది నోటుబుక్కు కాదు. అది గంట. పావు తక్కువ ఏడు. మెట్లు. కుట్టుపనావిడ. తలుపు.

పావు తక్కువ ఏడుకి ఆవిడ ప్రాణంతో మీ తలుపు దగ్గర ఉంది. మేస్త్రీ అప్పటికి అయిదు నిమిషాల ముందే ప్రెస్సులో కార్డు గుద్దాడు.

మీ చెయ్యి జారబట్టి ఈ వాక్యం నాకు దొరికింది. లేకపోతే 28వ తేదీ వచ్చి వెళ్ళిపోయేది.

కానిస్టేబుల్ పొరపాటని సరిపెట్టుకుందామనుకుని కాపీ మళ్ళీ తీశాను. అడుగున "సరిచూశాను" అని మీ సంతకం. పైన ఎర్ర సిరాతో అయిదు దిద్దుబాట్లు. అందులో నాలుగోది సరిగ్గా ఆ లైన్లోనే. అతను "మేట్లు" అని రాస్తే మీరు దీర్ఘం కొట్టేసి "మెట్లు" చేశారు. దాని పక్కనే "పాత 7" అని ఉంది. అక్కడ మీ పెన్ను ఆగలేదు.

మీరు చూశారు. చూసి వదిలేశారు. తొమ్మిదేళ్ళు.

ఎవరిని కాపాడుతున్నారు? ఆ మరిదినా? అతను మీకేమవుతాడు? నేను పాత ఏడు గురించి అడిగితే, అది నోటుబుక్కు కాదని తెలిసి కూడా నోటుబుక్కు పంపారు. నేనేమో ప్రేమతో పంపారనుకుని ఆదివారమంతా ఏడ్చాను.

ఈ సంగతి మా సీనియర్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండలేను. జవాబు రాయండి.

గోరింక


మార్చి 18

గోరింకకి,

నేను ఎవరినీ కాపాడలేదు. ఆ మరిదితో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

నా దగ్గర పాఠానికి ఒక నియమం ఉండేది. పది నిమిషాలు దాటి వస్తే తలుపు తీయను. బడిలో పిల్లలకీ అదే, ఇంట్లో మీ అమ్మకీ అదే, ఆవిడకీ అదే. పద్నాలుగు నెలల్లో ఆవిడ రెండుసార్లు ఆలస్యంగా వచ్చింది. రెండుసార్లూ తీయలేదు. మర్నాడు సరిగ్గా ఆరుకి వచ్చి నవ్వి కూర్చునేది.

ఆ రోజు ఆరు నుంచి ఎదురుచూశాను. కింద వాదన వినబడుతూనే ఉంది. ఆరుంపావుకి మేస్త్రీ దిగిపోయాడు. అప్పటికే నియమం దాటింది. పుస్తకాలు మూసి లోపల పెట్టేశాను. పా.త.7కి ఆవిడ వచ్చి తలుపు తట్టింది. నేను తలుపుకి ఇవతల, కుర్చీలో, నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. "టీచరుగారూ, మిషను బెల్టు మళ్ళీ తెగింది, అందుకే ఆలస్యమైంది" అంది. పలకలేదు. ఏడు నిమిషాలు అక్కడే ఉంది. 6.52కి దిగింది. వచ్చింది రాశాను. దిగింది రాయడానికి మనసొప్పలేదు. 7.05కి ఈడ్పు చెప్పులు ఎక్కాయి.

తీసి ఉంటే ఆవిడ ఏడుంపావు దాకా నా ఎదురుగా కూర్చుని ఉండేది. ఈ లెక్క నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ఎన్నిసార్లు చేసినా ఒకటే వస్తుంది.

కోర్టులో "ఆ రోజు పాఠం జరిగిందా?" అని అడిగారు. జరగలేదన్నాను. "ఆవిడ వచ్చిందా?" అని ఎవరూ అడగలేదు. అడిగినదానికి నిజం చెప్పాను కదా అని ఇంటికి వచ్చాను. మొదటి రోజు సిగ్గుతో చెప్పలేదు. రెండో రోజు, మొదటి రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. ఆ తరువాత రోజులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కాపీ దిద్దమని తెచ్చినప్పుడు ఆ లైను దగ్గర నా చెయ్యి ఎంతసేపు ఉందో నాకు తెలుసు. ఎక్కడా రాసుకోలేదు.

నా చెయ్యి జారిందన్నావు. పా.త.5 అన్న వాక్యం ఉన్న ఉత్తరం రెండుసార్లు రాశాను. మొదటిసారి 4.45 అని రాసి చింపేశాను. నీకు తెలియాలని రెండోసారి అలా రాశాను. నోటితో చెప్పే ధైర్యం లేనివాళ్ళు చేసే పని అది.

నోటుబుక్కు నీకు అబద్ధంగా పంపాను. అందులో రాసింది అబద్ధం కాదు.

28న వస్తాను. చెప్పవలసింది చెప్తాను. ఆ మరిదే చంపాడని మాత్రం నేను అనను. నేను చూడలేదు. ఎన్నింటికి ఏం విన్నానో అంతవరకే.

అమ్మమ్మ


మార్చి 21

అమ్మమ్మకి,

సీనియర్ చెప్పమన్నది మాత్రమే రాస్తున్నాను.

మీరు సాక్షి, నేను ఈ కేసులో పనిచేస్తున్నదాన్ని. మీరు నా మాట మీద చెప్పారని అవతలి లాయరు అనకూడదు. కాబట్టి నాకు ఇక ఉత్తరాలు రాయకండి. 28న నన్ను కలవకండి. నేను కోర్టు హాల్లోకి రాను. మీరు రాసిన 18వ తేదీ ఉత్తరం సీనియర్ దగ్గరుంది.

ఆయన భయం ఒక్కటే. మీరు తలుపు తీయలేదు, కళ్ళతో చూడలేదు. వచ్చింది ఆవిడేనని ఎలా నమ్మాలని అడుగుతారు. మీ దగ్గర జవాబు ఉంటే నాకు చెప్పకండి. అక్కడే చెప్పండి.

గోరింక


ఏప్రిల్ 6

అమ్మమ్మకి,

నిన్న తీర్పు వచ్చింది. మేస్త్రీ శిక్ష కొట్టేశారు. సాయంత్రం నాలుగింటికి జైలు గేటు దగ్గరికి అతని కూతురితో పాటు నేనూ వెళ్ళాను. బయటికి వచ్చి కూతుర్ని చూసి "ఇంత పొడుగయ్యావేంటే" అన్నాడు. ఆ పిల్ల అతని సంచీ లాక్కుని ముందు నడిచింది. మరిదిని పోలీసులు మళ్ళీ పిలిపించి ప్రశ్నిస్తున్నారు. టీ తాగానని చెప్పిన కొట్టు ఆ రోజు మూసి ఉందట. ఆ సంగతి అప్పట్లో ఎవరూ వెళ్ళి కనుక్కోలేదు, అవసరం లేకపోయింది.

28న నేను ఆఫీసులోనే కూర్చున్నాను. సీనియర్ రెండున్నరకి వచ్చి "మీ అమ్మమ్మ సాక్ష్యం అయిపోయింది, ఇక నువ్వు కలవచ్చు" అనగానే స్టేషనుకి పరుగెత్తాను. మీ బండి 2.40కి వెళ్ళిపోయిందన్నారు. అమ్మమ్మా, కలవకండి అని రాసింది సాక్ష్యం అయ్యేవరకే. మీరు ఎప్పటికీ అనుకున్నారా? నా ఉత్తరం మళ్ళీ చదివి చూసుకున్నాను. "అయ్యేవరకు" అన్న మాట అందులో లేదు. ఆ రోజు మీ మీద కోపంగా ఉన్నాను. రాయాలని అనిపించలేదేమో. తెలియదు.

కోర్టులో ఏం జరిగిందో సీనియర్‌ని అడిగితే "మీ అమ్మమ్మ టైపిస్టుని దిద్దింది" అని ఊరుకున్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఏం జరిగింది?

వచ్చే ఆదివారం వద్దామనుకుంటున్నాను. మీకు ఇష్టమైతేనే.

మీ
గోరింక


ఏప్రిల్ 11

గోరింకకి,

ఆదివారం రా. ఎన్నింటికి వస్తావో రాయనక్కర్లేదు.

స్టేషనులో నీ కోసం చూడలేదు. వద్దన్నచోట నిలబడకూడదని బండి ఎక్కేశాను. కిటికీ పక్క చోటు దొరికింది. ఇంటికొచ్చేదాకా ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో రాసుకోలేదు.

ఏం జరిగిందని అడిగావు. సీనియర్ భయపడ్డట్టే అయింది. అవతలి లాయరు చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"తలుపు తీశారా టీచరుగారూ?"

"లేదు."

"కళ్ళతో చూశారా?"

"లేదు."

"తొమ్మిదేళ్ళ కిందట తలుపు అవతల నుంచి విన్న గొంతు ఆవిడదేనని ఒట్టు వేసి చెప్తారా? గొంతులు పోల్చుకోవడంలో పొరపాటు రాదా?"

"వస్తుంది. గొంతు గురించి నేను చెప్పడం లేదు. చదువు గురించి చెప్తున్నాను" అన్నాను.

నీకు రాసిన ఉత్తరంలో ఏడు నిమిషాలు ఆవిడ అక్కడ ఉందన్నాను. ఏం చేసిందో రాయలేదు. మిషను సంగతి చెప్పి, నేను పలక్కపోతే, "తీయకపోయినా పర్వాలేదు టీచరుగారూ, వింటే చాలు. ఇంటి పని చేసుకొచ్చాను" అంది. మెట్ల మీద కూర్చుంది. గాజులు కమ్మీకి తగిలాయి. పుస్తకం తెరిచి ముందు రోజు నేనిచ్చిన నాలుగు వాక్యాలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మూసిన తలుపుకి చదివి వినిపించింది. ఏడు నిమిషాలు దానికే పట్టింది. మూడు వాక్యాలు తప్పు లేకుండా చదివింది. నాలుగోది "ఇది బడి వదిలే సమయం." ఆవిడకి మకీ యకీ తేడా ఎన్నాళ్ళకీ అందలేదు. "సయమం" అని చదివింది. చదివి ఆగింది. నేను దిద్దుతానని ఆగింది. తరువాత "రేపు సరిగ్గా వస్తాను" అని దిగింది.

ఆవిడ పాత కాపీ పుస్తకం నా దగ్గరే ఉంది, తీసుకెళ్ళాను. అందులో ఆ మాట పద్దెనిమిది చోట్ల అలాగే ఉంది, పద్దెనిమిది చోట్ల నా ఎర్ర సిరా ఉంది. జడ్జిగారు పేజీలు తిప్పి చూశారు. ఆ వాక్యం నేనిచ్చానని నాకూ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. అలా తప్పు చదివే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. అవతలి లాయరు ఫైలు మూసి కూర్చున్నాడు.

టైపిస్టు నా వాంగ్మూలం చదివి వినిపించాడు. ఆ చోటికి వచ్చేసరికి "సమయం అని చదివింది" అన్నాడు. ఆపమన్నాను.

"మీరు తప్పు పలికారేమో అని నేనే సరిచేశాను మేడమ్" అన్నాడు పాపం.

"సరిచేయకు బాబూ. ఆవిడ చదివినట్టే ఉండాలి. స, య, మ, పక్కన సున్నా" అని చెప్పాను.

నా వైపు ఒకసారి, జడ్జిగారి వైపు ఒకసారి చూశాడు. ఆయన తల ఊపారు. కొట్టేసి మళ్ళీ టైపు చేసి కాగితం నా చేతికిచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క అక్షరం చదువుకున్నాను. సరిగ్గా ఉంది. సంతకం పెట్టాను.

అమ్మమ్మ